లక్షన్నర కిలోమీటర్లు దాటిన ఫార్చ్యూనర్ 3.0: ఇంజిన్ బోరుకి రాకుండా చూసుకోవడం ఎలా

పాత ఫార్చ్యూనర్ ఇంజిన్ పట్టేసిందంటే మెకానిక్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి అరిగిన బేరింగులు చూపిస్తాడు, గీతలు పడ్డ క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) చూపిస్తాడు. "కిలోమీటర్లు బాగా తిరిగింది సార్, బోరుకొచ్చేసింది" అంటాడు, అంటే ఇంజిన్ విప్పి పెద్ద పని చేయాలని. చాలాసార్లు అది సగం నిజమే. కింద చచ్చిన ఇంజిన్‌కు జబ్బు పైన మొదలై ఉంటుంది, నాజిల్ అడుగున ఉండే చిన్న రాగి వాషర్ దగ్గర.

2009 ఆగస్టులో మన దేశంలోకి వచ్చి, 2016 చివర్లో కొత్త మోడల్ దిగేదాకా అమ్ముడైన 3.0 లీటర్ ఫార్చ్యూనర్ గురించే ఇదంతా. ఇంజిన్ పేరు 1కేడీ-ఎఫ్‌టీవీ. 2,982 సీసీ, నాలుగు సిలిండర్లు, కామన్ రైల్ (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టంలోంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే పద్ధతి). పాత ఇన్నోవాలోని 2.5 లీటర్ 2కేడీ దీని తమ్ముడే కాబట్టి ఇక్కడి మాటల్లో చాలావరకు ఆ బండికీ పనికొస్తాయి. తర్వాత వచ్చిన 2.8 ఇంజిన్ కథ వేరు, దానికి టైమింగ్ బెల్ట్ బదులు చైన్ ఉంటుంది.

బ్లాక్ పోత ఇనుముది, మొండిది. సరిగ్గా చూసుకుంటే మూడు లక్షల కిలోమీటర్లు దానికి పెద్ద లెక్క కాదు. కానీ షోరూమ్ సర్వీస్ షీట్‌లో ఉన్న పనులు మాత్రమే చేయిస్తూ పోతే లక్షన్నర, రెండు లక్షల మధ్య దెబ్బ తినే అవకాశమూ ఈ ఇంజిన్‌లోనే ఉంది. ఆ దెబ్బ ఎక్కడ నుంచి వస్తుందో ముందు అర్థం చేసుకుంటే, తర్వాత ఏ పనికి డబ్బు పెట్టాలో, ఏ పనికి అక్కర్లేదో మీకే తెలుస్తుంది.

వాషర్ నుంచి బేరింగ్ దాకా

ప్రతి సిలిండర్‌లోకీ దిగే ఇంజెక్టర్‌ను, అంటే మన గ్యారేజీల్లో నాజిల్ అనే దాన్ని, ఒక క్లాంప్ పైనుంచి అదిమి పట్టుకుంటుంది. దాని కొనకీ హెడ్‌లోని సీటుకీ మధ్య రాగి వాషర్ ఉంటుంది. లోపల మండిన గ్యాసు పైకి తన్నకుండా ఆపేది ఆ వాషరే. ఏళ్ల తరబడి వేడికీ ఒత్తిడికీ నలిగి అది సన్నగా లీకవడం మొదలవుతుంది. వేరే ఇంజిన్లలో అయితే ఈ లీకు బయటికే కనబడుతుంది, చుక్‌చుక్‌మని చప్పుడూ వినబడుతుంది. ఇందులో ఇంజెక్టర్లు ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) లోపలికి దిగి ఉంటాయి. లీకైన గ్యాసు మసితో సహా కవర్ లోపలే తిరిగి, నేరుగా ఆయిల్‌లో కలుస్తుంది.

ఆ మసి వేడి ఆయిల్‌తో కలిసి ముందు తారులా పట్టుకుంటుంది, తర్వాత బొగ్గు పెళ్లలుగా గట్టిపడుతుంది. పెళ్లలు ఊడి ఆయిల్‌తో పాటు చాంబర్‌లోకి జారతాయి. చాంబర్ అడుగున ఆయిల్ పంపు పీల్చుకునే గొట్టానికి ఒక జాలీ ఉంటుంది. ఆయిల్ ఫిల్టర్ వచ్చేది పంపు తర్వాత, జాలీ ఉండేది పంపుకు ముందు. అందుకే మీరు ఎంత ఖరీదైన ఫిల్టర్ వేసినా ఈ బొగ్గును అది ఆపలేదు. జాలీ కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది, పంపుకు ఆయిల్ అందదు, ముందు టర్బో, ఆ వెంటనే కనెక్టింగ్ రాడ్ బేరింగులు ఎండుతాయి.

ఇక్కడ మోసం చేసే విషయం ఒకటుంది. హైవే మీద గంటసేపు లాగాక ఎర్ర ఆయిల్ లైటు ఒక్క క్షణం మిణుకుమంటుంది. బండి ఆపి, పావుగంట ఆగి స్టార్ట్ చేస్తే లైటు ఉండదు. ఇంజిన్ ఆగగానే పీల్పు ఆగి, జాలీకి అతుక్కున్న బొగ్గు కిందికి రాలిపోవడమే అందుకు కారణం. "సెన్సార్ పోయి ఉంటుందిలే" అని మళ్లీ దూకిస్తారు. గంటలో బొగ్గు మళ్లీ జాలీకి ఎక్కుతుంది. ఆ లైటు వెలిగిందంటే ప్రెషర్ తగ్గిందని కాదు, దాదాపు లేదని. సెన్సార్ మార్చి చూద్దాం అనే ఆలోచన ఆ తర్వాత రావాలి, ముందు చాంబర్ దిగాలి.

లీకు ఉందో లేదో ఎలా తెలుస్తుంది

పొద్దున్నే, రాత్రంతా ఆగిన బండి మీదే చూడాలి. మొదటి సెల్ఫ్‌కి స్టార్టయ్యాక కొన్ని సెకన్ల పాటు ఒక సిలిండర్ కొట్టుకున్నట్టు టకటకమని, కొంచెం వణికి, తెల్ల పొగ వదిలి సర్దుకుంటే అనుమానించండి. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత విప్పండి. కొద్దిగా ఆవిరి ప్రతి పాత డీజిల్‌కూ వస్తుంది. లయగా బుస్సుబుస్సుమని కొట్టడం, మూత వదులుగా పెడితే ఎగిరెగిరి పడటం మాత్రం మామూలు కాదు. మెకానిక్‌లు దీన్ని బ్యాక్ కంప్రెషన్ అని, వెంటనే "(పిస్టన్) రింగులు పోయాయి, ఇంజిన్ దించాలి" అని తేల్చేస్తారు. రింగులే కావచ్చు. కానీ వాషర్ లీకైనా అచ్చం ఇలాగే కొడుతుంది. ఇంజిన్ దించే ముందు ట్యాపెట్ కవర్ తీసి చూడమనండి. ఏ ఇంజెక్టర్ చుట్టూ ఎండిన తారులా నల్లగా పేరుకుని ఉందో అక్కడే లీకు. మిగతా మూడూ తేనె రంగు ఆయిల్‌తో ఉండి, ఒక్కటి నల్లగా ఉంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు.

జాలీ చూడటానికి సులువైన దారి ఉంది. ఆయిల్ మార్చే రోజున డ్రెయిన్ నట్ తీసి, ఆయిలంతా దిగాక, ఆ రంధ్రంలోంచి బోర్‌స్కోప్ కెమెరా దూర్చండి. ఫోన్‌కు తగిలించుకునే చవక రకం చాలు, కొన దగ్గర లైటు ఉండాలి. జాలీ కన్నాలు శుభ్రంగా కనబడితే సరే. కన్నాల మధ్య నల్లటి రవ్వలు ఇరుక్కుని ఉన్నా, అడుగున ఇసుకలాంటి బొగ్గు కనబడినా చాంబర్ దించాల్సిందే. లక్ష కిలోమీటర్లు దాటినప్పటి నుంచి రెండు ఆయిల్ మార్పులకు ఒకసారి ఈ పని చేయండి. పది నిమిషాలు పట్టదు.

వాషర్లు మార్చే పని

బయట నుంచి చూస్తే చిన్న పని. నాలుగు వాషర్లు, ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్, కవర్ పైన ఇంజెక్టర్ల చుట్టూ ఉండే ఆయిల్ సీళ్లు, మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లే రిటర్న్ పైపు వాషర్లు. సామాను ఖర్చు వేలల్లో తేలుతుంది, ఇంజిన్ పని లక్షల్లోకి వెళ్తుంది. చెడేది సామానులో కాదు, చేసే తీరులో.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. రైల్‌లో ఒత్తిడి వెయ్యి బార్ పైన నడిచే వ్యవస్థ ఇది. ఆపిన వెంటనే పైపు వదులు చేయకూడదు, నడుస్తున్నప్పుడు లీకు ఎక్కడుందో చేత్తో తడమకూడదు. డీజిల్ సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. లీకు వెతకాలంటే అట్టముక్క వాడండి.

పైపులు విప్పే ముందు ఇంజిన్ పైభాగం మొత్తం బ్రష్‌తో, గాలితో శుభ్రం చేయాలి. విప్పిన ప్రతి పైపుకీ ఇంజెక్టర్‌కీ వెంటనే మూతి కట్టాలి. ఒక్క దుమ్ము రేణువు చాలు నాజిల్ చెడటానికి. ఏ ఇంజెక్టర్ ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టాలి, తిరిగి అదే చోట, అదే పైపుతో బిగించాలి. కొత్త ఇంజెక్టర్ వేస్తే, దాని మీద కోడ్ ఉంటే, అది స్కానర్‌తో ఈసీయూలోకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. లేకపోతే ఐడిల్ సరిగ్గా రాదు.

ఇంజెక్టర్ బయటికి వచ్చినా పాత వాషర్ రాకపోవచ్చు. అది హెడ్ లోపల సీటుకే అతుక్కుని, మసితో కలిసిపోయి, పైనుంచి చూస్తే సీటులాగే కనబడుతుంది. తొందరలో ఉన్నవాడు దాని మీదే కొత్తది వేసి బిగించేస్తాడు. రెండు వాషర్ల మందానికి ఇంజెక్టర్ ఎత్తులో కూర్చుంటుంది, స్ప్రే తప్పుతుంది, లీకు మునుపటి కంటే త్వరగా మొదలవుతుంది. అందుకే బయటికి వచ్చిన పాత వాషర్లు నాలుగూ బల్ల మీద వరుసగా పెట్టించి లెక్కపెట్టుకోండి. మూడే ఉంటే నాలుగోది లోపలుందని అర్థం. వంచిన సన్నని తీగ కొక్కెంతో లేదా గట్టిగా ఇరుక్కునే కోను ఆకారపు రాడ్‌తో దాన్ని లాగాలి.

సీటు శుభ్రం చేసేటప్పుడు మసి సిలిండర్‌లోకి పడకుండా అడుగు రంధ్రానికి గ్రీజు రాసిన గుడ్డ చుట్ట పెట్టాలి. సీటు కటర్‌తో గాని, గట్టి బ్రష్‌తో గాని లోహం మెరిసేదాకా తుడవాలి. కటర్‌ను చేత్తోనే తిప్పాలి, డ్రిల్లు మిషన్‌కు తగిలించకూడదు. గుడ్డ తీశాక, ఇంజెక్టర్లు లేకుండానే రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొడితే లోపల పడ్డ చిన్న రవ్వలు బయటికి ఊదుకుపోతాయి. ఆ సమయంలో డీజిల్ పంపు కనెక్టర్ పీకి ఉంచాలి, రంధ్రాల మీద గుడ్డ కప్పాలి, ముఖం దూరంగా ఉండాలి.

కొత్త వాషర్ కంపెనీదే వేయండి. పాత రాగి వాషర్‌ను కాల్చి మెత్తబరిచి మళ్లీ వేసే పద్ధతి ట్రాక్టర్లకు చెల్లుతుందేమో, దీనికి వద్దు. క్లాంప్ బోల్టు అంచనాతో బిగిస్తే ఇంత పనీ వృథా. టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే స్పానర్) ఉన్న చోటే చేయించండి, ఎంత టార్క్ అన్నది ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ చూసి పెట్టమనండి. లోపలుండే రిటర్న్ పైపు జాయింట్ల దగ్గర డీజిల్ కారితే అది కూడా నేరుగా ఆయిల్‌లోకే పోతుంది. కవర్ మూసేముందు ఆ పైపుకు గాలి ఒత్తిడి పెట్టి లీకు పరీక్ష చేయాలి.

అంతా అయ్యాక డీజిల్ ఫిల్టర్ మీది చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి, గాలి పోయాకే సెల్ఫ్ కొట్టండి. ఆయిల్, ఫిల్టర్ ఆ రోజే మార్చి, మళ్లీ 1,000 కిలోమీటర్లకే ఇంకోసారి మార్చండి. పైన మిగిలిన మసి ఆ మొదటి వెయ్యిలోనే కడుక్కుపోయి కిందికి దిగుతుంది.

వాషర్లు ఎప్పుడు మార్చాలి? లీకు కనబడ్డాక అన్నది చాలా ఆలస్యం. చరిత్ర తెలియని సెకండ్ హ్యాండ్ బండికి కొన్న నెలలోనే, తర్వాత ప్రతి 80,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చడం మంచి లెక్క. వాషర్ పని చేయించినప్పుడల్లా చాంబర్ కూడా దించి జాలీ కడిగించండి. ఈ ఇంజిన్ చాంబర్ రెండు ముక్కలు. కింది రేకు ముక్క దించితే జాలీ చేతికి అందుతుంది. గ్యాస్కెట్ ఉండదు, సీలెంట్ మీదే కూర్చుంటుంది. పాత సీలెంట్ గీకిన ముక్కలు చాంబర్‌లో పడనివ్వకూడదు, కొత్తది మరీ ఎక్కువ పూయకూడదు. లోపలికి పొంగిన సీలెంట్ ఊడి అదే జాలీని మూసిన సందర్భాలూ లేకపోలేదు. జాలీ గొట్టానికి ఉండే గ్యాస్కెట్ తప్పకుండా కొత్తది వేయాలి. అక్కడ గాలి పీలిస్తే ఆయిల్ ప్రెషర్ మళ్లీ పడిపోతుంది.

ఆయిల్

ఫిల్టర్‌తో కలిపి దాదాపు 7 లీటర్లు పడుతుంది. కంపెనీ 10,000 కిలోమీటర్లు అంటుంది. లక్షన్నర దాటిన బండికి, అందులోనూ ఊళ్లో తిరుగుడు, ఏసీ వేసుకుని ఆగి ఉండటం ఎక్కువైతే, 5,000కు మార్చడమే మేలు. ఎండాకాలంలో రెంటచింతల, రామగుండం వైపు వేడికి 15డబ్ల్యూ-40 గ్రేడ్ డీజిల్ ఆయిల్ చక్కగా పనిచేస్తుంది. ఖరీదైన సింథటిక్ వేసి 15,000 లాగడం కన్నా, మామూలు మంచి ఆయిల్ వేసి 5,000కు దించడం ఈ ఇంజిన్‌కు మంచిది. ఇక్కడ ఆయిల్ పాడవడం కన్నా ఆయిల్‌లో మసి చేరడమే అసలు సమస్య. మసిని బయటికి పంపాలంటే ఆయిల్ దింపడమే దారి.

ఇంజిన్ ఫ్లష్ అని అమ్మే డబ్బాలు పాత కేడీ ఇంజిన్‌లో పోయకండి. గోడలకు గట్టిగా అంటుకున్న బొగ్గును అది ఒక్కసారిగా వదిలిస్తుంది. వదిలిన బొగ్గంతా పోయేది జాలీకే.

డిప్‌స్టిక్ వారానికోసారి, సమంగా ఉన్న నేల మీద, పొద్దున చల్లటి ఇంజిన్ మీద చూడండి. తగ్గితే అందరూ కంగారుపడతారు, పెరిగితే సంతోషిస్తారు. పెరగడమే ఎక్కువ ప్రమాదం. డీజిల్ కలుస్తోందని అర్థం. స్టిక్ మీది చుక్కను తెల్ల కాగితం మీద వేసి గంట వదిలేయండి. మధ్యలో నల్లటి మచ్చ, దాని చుట్టూ పలుచగా జిడ్డు వలయం బాగా దూరం పాకితే, వాసన కూడా డీజిల్ కొడితే, ఆ ఆయిల్‌తో బండి నడపకండి. పలచబడిన ఆయిల్ బేరింగ్‌ను మోయలేదు.

ఇంజెక్టర్లు: స్కానర్ చెప్పే నాలుగు అంకెలు

వాషర్ ఒక్కటే కాదు, ఇంజెక్టరే డీజిల్ ఎక్కువ పోస్తే పిస్టన్ పైభాగం కరుగుతుంది, లేదా పగులుతుంది. ఈ ఇంజిన్‌లో ఖరీదైన రెండో చావు అది. పరీక్ష సులువు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిల్‌లో, స్కానర్‌లో ఇంజెక్షన్ ఫీడ్‌బ్యాక్ విలువలు చూడమనండి. నాలుగు సిలిండర్లకు నాలుగు అంకెలు వస్తాయి. ఇంజిన్ సాఫీగా నడవడానికి ఈసీయూ ఏ సిలిండర్‌కు ఎంత డీజిల్ కలుపుతోందో, ఎంత కోస్తోందో చెప్పే లెక్క అది. సున్నాకు దగ్గరగా ఉంటే మంచిది. ప్లస్ గాని మైనస్ గాని 3 దగ్గరికి వచ్చిన ఇంజెక్టర్‌ను టెస్ట్ బెంచ్ మీద పెట్టించాలి. పెద్ద మైనస్ అంటే ఆ ఇంజెక్టర్ కారుతోందని అనుమానం. పిస్టన్‌కు దెబ్బ తగిలేది అక్కడే. ప్రతి ఆయిల్ మార్పుకూ ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకరోజు అంకె కన్నా, ఆరు నెలల్లో అది ఎటు జరుగుతోందన్నదే ముఖ్యం.

ఐడిల్ ఎక్కుతూ దిగుతూ ఉంటే, బండి అప్పుడప్పుడూ సిగ్నల్ దగ్గర ఆగిపోతుంటే వెంటనే డీజిల్ పంపు మార్చమనే వాళ్లుంటారు. ముందు పంపు మీదుండే, లోపలికి ఎంత డీజిల్ వెళ్లాలో చూసే సక్షన్ కంట్రోల్ వాల్వ్ చూడమనండి. పంపు ఖరీదులో కొద్ది వంతే అది. డీజిల్‌లో నీళ్లు, చెత్త వచ్చిన బండిలో ఇదే ముందు పోతుంది.

నీళ్ల విషయానికి వస్తే, డీజిల్ ఫిల్టర్ కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. గిన్నె పెట్టి రెండు చుట్లు వదులు చేసి, పైన చేతి పంపు నొక్కితే ముందు నీళ్లు, తర్వాత శుభ్రమైన డీజిల్ వస్తుంది. డీజిల్ రాగానే చేత్తోనే బిగించండి, స్పానర్ వద్దు. డ్యాష్‌బోర్డులో ఫిల్టర్ లైటు వెలిగితే ఆ రోజే చేయాలి. ఫిల్టర్ ప్రతి 20,000కు. డ్రమ్ముల్లో తెచ్చిన డీజిల్ పోయడం ఊళ్లలో మామూలే కానీ, కామన్ రైల్ బండికి అది అక్షరాలా విషం.

టైమింగ్ బెల్ట్

క్రాంకుతో పాటు వాల్వులు లయ తప్పకుండా కదిలేలా చూసే రబ్బరు బెల్ట్ ఇది. 1,50,000 కిలోమీటర్లకు డ్యాష్‌బోర్డులో టి-బెల్ట్ లైటు వెలుగుతుంది. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, హెడ్ పని తప్పదు. ఈ లైటు బెల్టును చూసి వెలిగేది కాదు, కిలోమీటర్లు లెక్కపెట్టి వెలిగేది. బెల్ట్ మార్చకుండానే లైటు ఆర్పేయొచ్చు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నప్పుడు లైటు లేదంటే బెల్ట్ మారిందని కాదు. బిల్లు చూపించకపోతే మారలేదనే అనుకుని మార్పించండి. వయసు కూడా చూడాలి. తక్కువ తిరిగినా ఎనిమిదేళ్లు దాటిన రబ్బరును నమ్మకూడదు.

బెల్ట్ ఒక్కటే మార్చడం దండగ. టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ కలిపి మార్చాలి. పుల్లీల మీది టైమింగ్ గుర్తులు కలిపాక, స్టార్ట్ చేసే ముందు క్రాంకును స్పానర్‌తో చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలుస్తున్నాయో లేదో చూడాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయాలి. ఈ రెండు చుట్లు తిప్పని మెకానిక్‌కు ఈ పని ఇవ్వకండి.

వేడి, దుమ్ము, వరద నీళ్లు

మనవైపు ఎండాకాలం రాగానే కొందరు థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వనిది) తీసి పక్కన పడేస్తారు, "ఇంజిన్ చల్లగా ఉంటుంది" అని. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాదు, మసి పెరుగుతుంది. మసి పెరిగితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. థర్మోస్టాట్ పోతే కొత్తది వేయాలి, తీసేయకూడదు. కూలెంట్ కంపెనీ గులాబీ రంగుదే పోయండి. బోరు నీళ్లు కలిపితే రేడియేటర్ ట్యూబుల్లో ఉప్పు పేరుకుంటుంది, దారిలో తప్పనిసరై పోసినా ఇంటికొచ్చాక మొత్తం దింపి మార్చండి. ఆటోమేటిక్ గేరు బండి అయితే కూలెంట్ ట్యాంకులో గాని, గేరు ఆయిల్‌లో గాని గులాబీ పాలలాంటి చిక్కటి రంగు కనబడితే రేడియేటర్ లోపలి గేరు ఆయిల్ కూలర్ చిల్లిపడింది. బండి కదిలించకండి. ఒక్క రోజు నడిపినా గేర్‌బాక్స్ చేతులెత్తేస్తుంది.

ఘాట్ ఎక్కుతుంటే మాత్రమే వేడి పెరుగుతోంది, మైదానంలో మామూలుగా ఉంది అంటే రేడియేటర్ కడిగించే ముందు ఫ్యాన్ చూడండి. దీనికి బెల్టుతో తిరిగే విస్కస్ ఫ్యాన్ ఉంటుంది. వేడి ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే కొంత బరువుగా తిరగాలి. గాలిమరలా గిరగిరా తిరిగితే హబ్ లోపలి సిలికాన్ ఆయిల్ అయిపోయినట్టే. రేడియేటర్‌కూ ఏసీ కండెన్సర్‌కూ మధ్య పేరుకునే ధాన్యం పొట్టు, పురుగులు బయటి నుంచి కనబడవు. తక్కువ ప్రెషర్ నీళ్లతో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

గ్రానైట్ క్వారీలు, మట్టి రోడ్ల బండికి ఎయిర్ ఫిల్టర్ 5,000కు చూడాలి. గాలితో కొట్టి వాడటం ఒకట్రెండు సార్లే, అదీ లోపలి నుంచి బయటికే. ఫిల్టర్ తర్వాత వచ్చే రబ్బరు గొట్టం లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి సన్నని మట్టి అంటితే ఎక్కడో గాలి పక్కదారిన వెళ్తోంది. టర్బో రెక్కలు, రింగులు అరిగేది ఆ మట్టికే. ఓఆర్ఆర్ మీద 120కి లాగి టోల్ దగ్గర దిగగానే తాళం తీయకండి. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బో బేరింగ్‌లోని ఆయిల్ కాలి బొగ్గవదు.

వాన నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టడమే అసలు నష్టం. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడే వంగుతుంది. నీళ్లలో ఆగిన బండిని తోయించి బయటికి తెచ్చి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడండి. ఫిల్టర్ తడిసి ఉంటే ఇంజెక్టర్లు గాని గ్లో ప్లగ్గులు గాని విప్పి నీళ్లు బయటికి తోసేదాకా సెల్ఫ్ ముట్టుకోకూడదు.

దారిలో ఎర్ర లైటు వెలిగితే

ఎక్కడున్నా పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. తర్వాతి ఊరు రెండు కిలోమీటర్లే కదా అనుకోకండి. డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ బాగా తగ్గి ఉంటే, కింద కారడం లేకపోతే, పోసి ఒక్కసారి స్టార్ట్ చేసి చూడొచ్చు. ఆయిల్ సరిపడా ఉండి లైటు వెలిగితే మాత్రం స్టార్ట్ చేయకుండా ట్రక్కు మీద ఎక్కించండి. తాడు కట్టి లాగడం ఆటోమేటిక్‌కు అసలే వద్దు.

గ్యారేజీకి చేరాక చాంబర్ మీ కళ్లముందే దించమనండి. జాలీ మూసుకుని ఉంటే కడిగి బిగించేసి పంపేయడానికి ఒప్పుకోకండి. చాంబర్ ఎలాగూ దిగింది కాబట్టి ఒక కనెక్టింగ్ రాడ్ క్యాప్ విప్పి బేరింగ్ షెల్లు చూడమనండి. పైపూత అంతటా ఒకే బూడిద రంగులో నున్నగా ఉంటే అదృష్టం. అక్కడక్కడా రాగి రంగు తేలితే నాలుగింటికీ షెల్లులు అప్పుడే మార్చాలి, క్రాంకు జర్నల్‌కు (బేరింగ్ కూర్చునే నున్నటి భాగానికి) గోరు తగిలే గీత ఉందేమో చూడాలి. గోరు ఆగకపోతే క్రాంకు బతికినట్టే. రాడ్ బోల్టులు కొత్తవి వేయించి మాన్యువల్ ప్రకారం టార్క్ పెట్టించండి. తర్వాత పైకి వెళ్లి, ఆ బొగ్గు పంపిన వాషర్ ఏ సిలిండర్‌దో వెతకాలి.